ఓబులయ్య కోసేసిన పేరు

ఓబులయ్య మామ గాజు కోస్తుంటే చూడాలి. అల్ ఖోబర్‌లో, మా అజీజియా వైపు, బిర్వాజ్ దుకాణాలు చాలానే ఉన్నాయి. బిర్వాజ్ అంటే ఇక్కడి అరబ్బీలో ఫ్రేము. ఆ దుకాణాల్లో ఎవరు గాజు కోసినా కిర్రుమని చప్పుడొస్తుంది. మామ కోస్తే రాదు. ఒకసారి ఆయన గీత గీస్తుండగా ఒక ఈగ అడ్డంగా నడుస్తూ ఉందనీ, అవతలి అంచుకు చేరాకగానీ తాను రెండు ముక్కలైన సంగతి దానికి తెలియలేదనీ చెబితే మా రూములో ఒక్కడూ నమ్మడు. వాళ్లు నమ్మనంత మాత్రాన ఆ ఈగ అతుక్కుంటుందా?

నా పేరు ఇర్ఫాన్. మాది రాయచోటి. ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పరీక్షకు హాలు గుమ్మం దాకా పోయి, లోపల ఫ్యాను తిరగడం లేదని వెనక్కొచ్చేసినవాణ్ణి. ఆ ఫ్యాను తిరిగి ఉంటే ఈ రోజు మీరు నన్ను చూడాలంటే గుమాస్తాకు చీటీ పంపి బయట కూర్చోవాల్సి వచ్చేది. ప్రస్తుతానికి పికప్ వ్యాను తోలుతున్నాను. తూర్పు ప్రాంతం మొత్తంలో వ్యానుని నా అంత వేగంగా వెనక్కి తోలేవాడు లేడని ట్రాఫిక్ పోలీసులే ఒప్పుకున్నారు. ఒప్పుకున్న ప్రతిసారీ ఏదో ఒక కాగితం చేతిలో పెట్టి మరీ పంపారు. దుకాణాల సరుకు ఇళ్లకు చేర్చడం నా పని. ఓబులయ్య మామ కట్టిన ఫ్రేములూ నేనే మోస్తాను. ఆయనా నేనూ ఒకే రూము. పెద్దవాడు కాబట్టి మామా అంటాను. తిక్క రేగినప్పుడు కూడా మామా అనే అంటాను గానీ గొంతు మారుతుంది.

ఆయనది ప్రొద్దుటూరు. వాళ్లమ్మ అహోబిలం నరసింహస్వామికి మొక్కుకుని ఇద్దరు కొడుకులకూ ఒకటే పేరు పెట్టింది. పెద్దోబులయ్య, చిన్నోబులయ్య. మా మామ చిన్నవాడు. అన్న ఫ్రేముల అంగడి పెట్టి పైన 'ఓబులయ్య ఫ్రేమ్ వర్క్స్' అని బోర్డు రాయించాడు. చెక్క పట్టీలు కోసేది, మేకులు కొట్టేది, మూలలు అతికేది తమ్ముడు. ఫ్రేము వెనక స్టిక్కరు మీద ఓబులయ్య అని ఉంటే ఊరంతా అన్ననే మెచ్చుకునేది. "నా పేరే గదా ఉండాది అనుకోని కొన్నాళ్లు సంబరపడినా అల్లుడా," అనేవాడు మామ, "ఆనక ఎవురో వచ్చి, మీయన్న శానా బాగా కట్నాడు, ఆయప్పకు చెప్పు అనిరి. ఆ పొద్దు నుంచి ఆ స్టిక్కరు అంటించాలంటే నాకు చెయ్యి రాల్యా."

సౌదీ వచ్చాక ఆ పేరు కూడా పోయింది. మా కఫీల్, అంటే దుకాణం యజమాని, అబ్దుల్ వహాబ్‌కు ఓబులయ్య అనేది నోరు తిరగదు. ఒబేద్ అని పిలుస్తాడు. ఆయన పిలిస్తే వీధంతా పిలిచింది. ఇకామా కార్డు, అంటే ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు, దాని మీద తప్ప ఈ దేశంలో ఓబులయ్య ఎక్కడా లేడు.

దానికి తోడు కొడుకు. ఉదయకిరణ్ ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు వేసే అంగట్లో కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. శుక్రవారం శుక్రవారం వీడియో కాల్‌లో నాన్నని గిల్లకపోతే వాడికి అన్నం అరగదు.

"నాయనా, నిన్న ఒగాయన పొట్టేలుకు బర్త్‌డే ఫ్లెక్సీ ఏసినాం. ఇంత పొడుగు. పొట్టేలుకు పేరుండాది, బిరుదుండాది. నీ పేరు మాత్రం యాడా చూల్యా నేను."

"పొట్టేలును కోస్తారు గదరా. నన్ను ఎవురు కోస్తారు?"

అలా తిప్పికొట్టేవాడే. ఫోను పెట్టేశాక మాత్రం చపాతీ ముక్కని అరగంట నమిలేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి సల్మా మేడం వచ్చింది.

ఆమెది ఖోబరే. కాలేజీలో బొమ్మలు గీయడం నేర్పుతుంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక షట్టరు పైకెత్తీ ఎత్తక ముందే ఒక పల్చటి అట్టపెట్టెతో లోపలికొచ్చింది. ధహ్రాన్‌లో ఇల్లు ఖాళీ చేసి స్వదేశం పోతున్న ఒక తెల్లదొర కుటుంబం దగ్గర ఆ వారమే కొన్నదట. మూత తీసింది. లోపల ఐదు బొమ్మలు. ఐదింటిలో ఐదుగురు నాట్యగత్తెలు.

పందొమ్మిదో శతాబ్దం నాటివి. ఆ కాలంలో ఐరోపా పట్టణాల్లో స్టేజీ మీద నాట్యం చేసే ఆడవాళ్లంటే జనానికి పిచ్చి. ఫోటోలు ఇంకా ఇళ్లలోకి రాలేదు. అందుకని వాళ్ల బొమ్మని రాతిపలక మీద గీసి, కాగితం మీద అచ్చు తీసి, చేత్తో రంగులు పూసి అమ్మేవాళ్లు. ఆట చూసినవాడూ కొనేవాడు, టిక్కెట్టు దొరకనివాడూ కొనేవాడు. ఇదంతా మేడం అరబ్బీలో చెప్పింది, నేను తెలుగు చేసి మామకు చెప్పాను. నా అరబ్బీ ఎంత గొప్పదంటే అరబ్బులే మళ్లీ మళ్లీ చెప్పించుకుని వింటారు.

ఒకామె పువ్వు మీద నిలబడింది. ఒంటి కాలి మునివేళ్ల మీద. కింద పువ్వు రేకు కూడా వంగలేదు. ఇంకొకామెకు వీపున తూనీగ రెక్కలు. ఒకామె నీళ్ల మీద, ఒకామె పల్లెటూరి పిల్ల వేషంలో చేతిలో బుట్టతో, ఒకామె గాలిలోనే. గౌన్లన్నీ బోర్లించిన మల్లెపూల గంపల్లాగా ఉన్నాయి. మామ కళ్లజోడు పైకి నెట్టుకుని వంగి చూశాడు.

"ఈయమ్మ పాదం నా బొటనేలంత గూడా లేదే. ఈ కాలితో బస్సు ఎట్లెక్కుతాది?"

నేను తర్జుమా చేస్తే మేడం నవ్వింది. "అప్పటి గీసేవాళ్లకు అదే అందం. పాదం ఎంత చిన్నదైతే అంత గొప్ప."

"ఐదుమందీ అక్కజెల్లెండ్లా? మొగాలు ఒగటే మాదిరి ఉండాయి."

"కాదు. మొహాలు కూడా అప్పటి ఫ్యాషనే. ఎవరిని గీసినా అదే కోల మొహం, అదే నడిమి పాపిట."

మేడం ఆ వచ్చే వారం ఒక చిన్న హాలులో వీటిని జనానికి చూపించబోతోందట. సన్నని నల్ల ఫ్రేములు కావాలంది. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఇలాంటి చోట గీసినవాడి పేరు రాస్తారు, అచ్చు వేసినవాడి పేరు రాస్తారు. ఫ్రేము కట్టినవాడి పేరు ఎవరూ రాయరు. నేను రాస్తాను. ఐదింటి కిందా కార్డుల మీద. నీ పేరేమిటి?"

"ఒబేద్!" అని లోపల్నించి కఫీల్ అరిచాడు.

"నో మేడం," అన్నాడు మామ. అంత గట్టిగా ఆయన నో అనడం నేను ఎప్పుడూ వినలేదు. "ఓబులయ్య."

ఆమె రెండుసార్లు చెప్పించుకుని ఫోనులో రాసుకుంది. మూడోసారి తనే పలికింది. ఓబులయ్యా. చక్కగా పలికింది.

ఆ సాయంత్రమే మామ పాకిస్తానీ దర్జీ దగ్గరికి పోయి చొక్కా కొలతలిచ్చాడు. రూముకొచ్చి ఉదయకిరణ్‌కు ఫోను చేశాడు. "రేయ్, వచ్చే బేస్తవారం నీకొక ఫోటో పంపిస్తా. దాంట్లో నీ నాయన పేరు ఉంటాది. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ. పొట్టేలుకు ఉండాదేమో కనుక్కో, అరబ్బీలో."

అంత నవ్వడం ఆయన మొహానికి అలవాటు లేదు. దవడలు నొప్పెట్టి ఉంటాయి.

ఇక జరిగింది చెబుతాను. దీన్ని మా ఊళ్ల వైపు ఫ్రేము కట్టేవాడు తప్ప భూమ్మీద ఇంకొకడు చేయడు.

మన దగ్గర ఫ్రేముకొచ్చే బొమ్మలు ఎక్కడివి? క్యాలెండర్లవి. పైన వెంకటరమణస్వామి ఉంటాడు, కింద బట్టల కొట్టు పేరు, ప్రొప్రయిటరు పేరు, సెల్ నంబరు ఉంటాయి. దాన్ని అట్లానే ఫ్రేము కట్టి దేవుడి గూట్లో పెడితే దణ్ణం ఎవరికి పెట్టినట్టు? అందుకని కింది పట్టీ కోసేస్తారు. పెద్దోబులయ్య తమ్ముడి చేతికి కత్తి ఇచ్చి నేర్పిన మొదటి పని అదే. దేవుడి కాళ్ల కింద అంగడి ఉండకూడదు.

ఈ నాట్యగత్తెల బొమ్మల కింద కూడా తెల్ల అంచు ఉంది. అంచులో సన్నని అక్షరాలు ఉన్నాయి. మామకు ఇంగ్లీషే అంతంత మాత్రం. అది ఇంగ్లీషు కూడా కాదు. కొన్ని పెద్దక్షరాలు, ఒక మూల ఏదో నంబరు, వీధి అడ్రసులాంటిది. ఆయనకు అర్థమైపోయింది. ప్రెస్సువాడి అడ్వర్టైజుమెంటు.

"ఎన్నేండ్లనుంచి ఈయమ్మల కాళ్ల కింద అంగడి పెట్టుకోని ఉండాడో చూడు," అనుకున్నాడట. ఐదింటికీ ఇనుప స్కేలు పెట్టి, కత్తి లాగి, కింది పట్టీలు తీసేశాడు. చప్పుడు కాకుండా.

పట్టీలు పారేశాడా? ఆయన కాగితం పారేసే మనిషి కాదు. ఫ్రేములో గాజుకూ అట్టకూ మధ్య సందు వదిలితే బొమ్మ జారుతుంది. ఆ సందులోకి మడిచిన కాగితం కూరుతారు. ఈ పట్టీలు మందంగా, మెత్తగా, బాగున్నాయి. ఆ రోజు బల్ల మీద ఉన్న వేరే ఐదు ఫ్రేముల వెనక వాటిని కూరి, మేకులు కొట్టి, టేపు అంటించాడు. ఒకటి దుకాణం గోడకే ఎక్కింది, మిగతా నాలుగూ నేనే వ్యానులో వేసుకుని ఇచ్చేసి వచ్చాను.

మేడం వచ్చింది. బల్ల మీద ఐదు ఫ్రేములు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అంత అందంగా ఉన్నాయంటే, కఫీల్ కూడా టీ గ్లాసు కింద పెట్టి చూశాడు. ఆమె "మాషా అల్లాహ్" అంది. తర్వాత దగ్గరికి వంగింది. మొదటి బొమ్మ కింద చూసింది. రెండోది చూసింది. వేలితో గాజు మీద అడుగున రుద్ది చూసింది.

"అక్షరాలేవి?"

"క్లీన్ చేసినా మేడం," అన్నాడు మామ ఛాతీ విరుచుకుని. "అడ్వటైజుమెంటు కట్."

అరబ్బీలోకి మార్చాల్సిన పని నాకు లేకుండా పోయింది. ఆమె స్టూలు మీద కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, అరుపులు మాకు అలవాటే.

"వాళ్ల పేర్లు అవి," అంది. "ఎవరు, ఏ ఆటలో, ఎక్కడ ఆడారు, అన్నీ ఆ అంచులోనే ఉన్నాయి. మొహాలన్నీ ఒకటేనని నువ్వే అన్నావు కదా. అందుకే కింద పేరు వేసేవాళ్లు. ఇప్పుడు వీళ్లు ఎవరు?"

"మేడం ఫోటోలు తీసుకోలేదా?" అని నేను తెలివిగా అడిగాను. తీసుకుంది. పేర్లు ఇంకా రాసుకోలేదట గానీ, ఫోను తెరిచి చూపించింది. ఐదు ఫోటోలూ ఉన్నాయి. స్నాప్‌చాట్‌లో పెట్టడానికి బొమ్మ మటుకు నిండుగా వచ్చేలా దగ్గర్నించి తీసింది. కింది అంచు ఒక్కదాంట్లోనూ లేదు. ఆమె ఫోను వంక చూసుకుంది, నేను పైకప్పు వంక చూశాను.

మామ ఆ అరబ్బీ మొత్తం నా దగ్గర వినేసరికి ఆయన మొహం సున్నం కొట్టిన గోడ అయ్యింది. "నా పేరు?" అన్నాడు. అదొక్కటే అడిగాడు, నెమ్మదిగా, నాతో. నేను మేడంని అడిగాను. సిగ్గు లేకుండా అడగడం నాకు పుట్టుకతో వచ్చింది.

"వాళ్ల పేర్లు తెస్తే నీ పేరు ఉంటుంది," అంది ఆమె. "గురువారం లోపల."

అక్కడినుంచి ఆ వారం నా వ్యాను ఊరంతా తిరిగింది. మామకు ఏ ఫ్రేములో ఏ పట్టీ కూరాడో తెలియదు గానీ, ఆ ఐదు ఫ్రేములూ ఎవరివో మాత్రం గుర్తుంది. నేను వాటిని ఎక్కడ దించానో నాకు గుర్తుంది. నా జ్ఞాపకశక్తి ఒంటె జ్ఞాపకశక్తి. లెక్కల ఫార్ములాలకు మాత్రం అది పనిచేయలేదు.

మొదటిది బంగ్లాదేశీ మంగలి అంగడి లైసెన్సు. "గోడ మీద లైసెన్సు లేని క్షణంలో బలదియావాడు, అదే మునిసిపాలిటీవాడు, వస్తే?" అని మంగలి దించనివ్వలేదు. ఇద్దరం గడ్డం గీయించుకుంటే దించుతానన్నాడు. గీయించుకున్నాం. మామ మేకులు ఊడదీస్తుంటే వాడు నా మొహం వదిలి అటు చూశాడు. నా మీసంలో ఎడమ సగం పోయింది. ఆ మీసం కోసం రాయచోటిలో జనం పక్కకు తప్పుకుని దారిచ్చేవాళ్లు. సరే, పట్టీ దొరికింది.

రెండోది కఫీల్ డేగ ఫోటో. దుకాణంలోనే, ఆయన కుర్చీకి సరిగ్గా పైన ఉంది. "నా డేగను ముట్టుకుంటే వేలు కొరుకుతుంది," అన్నాడు ఆయన. సాయంత్రం అసరు నమాజుకు ఆయనా నేనూ పోయిన సమయంలో మామ షట్టరు దించి, లోపలే స్టూలెక్కి పని కానిచ్చాడు. మేము తిరిగొచ్చేసరికి డేగ తలకిందులుగా వేలాడుతూ ఉంది. కంగారులో అట్లా తగిలించాడు. "ఏం చేశావు దీన్ని?" అని కఫీల్ అడిగితే, "దిగుతాంది, వేటకు," అని నేను అన్నాను. ఆ మాటకు నన్ను మూడు రోజులు దుకాణంలోకి రానివ్వలేదు.

మూడోది బిర్యానీ హోటలు రేట్ల బోర్డు వెనక, నాలుగోది ఒక కంపెనీ ఆఫీసులో సేఫ్టీ సర్టిఫికెట్ వెనక దొరికాయి. ఆ ఆఫీసులో మేమిద్దరం హెల్మెట్లు పెట్టుకుంటేగానీ గోడ దగ్గరికి పోనివ్వలేదు. ఒక మేకు తీయడానికి హెల్మెట్టు.

ఈ తిరుగుడు మధ్యలో మామకు ఇంకో జబ్బు పట్టుకుంది.  ఎవరి బొమ్మ వచ్చినా అంచు కోయడం మానేశాడు. ఒక మలయాళీ ఆయన తన కూతురి ఫోటో ఫ్రేము కట్టించుకున్నాడు. స్టూడియోవాడి ఫోను నంబరు, "రీప్రింట్లకు సంప్రదించండి" అనే మాటతో సహా కట్టి ఇచ్చాడు మామ. "ఇదెందుకు కోయలేదు, బుద్ధి లేదా?" అని ఆయన దుకాణంలో చిందులేశాడు.

"కోస్తే తప్పు, కోయకుంటే తప్పు," అన్నాడు మామ రూములో గోడ వైపు తిరిగి పడుకుని. "నేనేం చెయ్యాల్రా నాయనా, చెప్పు."

ఇక మిగిలింది ఐదో ఫ్రేము. అది జెస్సీది. ఆమెది నరసాపురం, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. తన పెళ్లి ఫోటో పెద్దది చేయించి, అమ్మకు బహుమతిగా ఇవ్వాలని మామ దగ్గర ఫ్రేము కట్టించుకుంది. మేము ఆసుపత్రి క్వార్టర్సుకు పోతే, సెలవు మీద ఊరికి వెళ్లిపోయిందన్నారు. ఫ్రేముతో సహా. ఆమె నంబరు సంపాదించి ఫోను చేశాం. స్పీకరు పెట్టాను.

"ఎవరండీ? ఓబులయ్య బాబాయ్ గారా? బాగున్నారా అండీ?"

"బాగుండా తల్లీ. ఆ ఫ్రేము ఎనక ఒక కాయితం పట్టీ మడిచి పెట్టినా. దాని ఫోటో తీసి పంపుతావా? నీకు పుణ్యముంటాది."

"అయ్యో, ఆ ఫ్రేమా అండీ! విమానంలోనే గాజు పగిలిపోయిందండి బాబూ. సూట్‌కేసు తెరిస్తే అన్నీ గాజుముక్కలే. మా తమ్ముడు జేమ్సు ఇక్కడ ఫ్రేముల షాపాయన దగ్గర మళ్లీ కట్టించేశాడండి."

మామ కళ్లు మూసుకున్నాడు. "పాత అట్టా, కాయితాలూ యాడుండాయి తల్లీ?"

"జేమ్సుని షాపుకి పంపుతానండి, ఉండండి."

ఫోను మళ్లీ మోగేదాకా మామ రూములో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. మా రూములో రెండడుగులు వేస్తే గోడ వస్తుంది, కాబట్టి నడవడం కంటే తిరగడమే ఎక్కువ.

"బాబాయ్ గారూ," అంది జెస్సీ, "ఆయన్ని అడిగాడండి. మడత కాగితమా, మంచి మందం కాగితం, పారేయడం ఎందుకని ఎవరిదో ఫోటో వెనక సందులో కూరేశాను అన్నాడంట. ఎవరిదో గుర్తు లేదంటండి. నిన్న చాలా ఫ్రేములు వెళ్లాయంట. ఏవండీ, అది అంత ముఖ్యమైందా అండీ?"

నాకు ఆ నరసాపురం మనిషిని నాలుగు తిట్టాలనిపించింది. మామ ఎట్లా తిడతాడు? ఆయన చేసిందే వాడూ చేశాడు. "మంచి పనోడే," అన్నాడు. "సందు వదల్ల్యా."

నరసాపురంలో ఇప్పుడు ఎవరి ఇంట్లోనో, తాతగారి ఫోటోకో మేరీమాత బొమ్మకో వెనక, ఒక నాట్యగత్తె పేరు మడతలు పెట్టుకుని పడుకుని ఉంది. ఆ ఇంటివాళ్లకు తెలియదు.

నాలుగు పట్టీలు మేడం బల్ల మీద పెట్టాం. ఏది ఎవరిదో తేల్చడం పెద్ద కష్టం కాలేదు. రంగులు పూసినవాడి కుంచె అక్కడక్కడా గీత దాటి అంచులోకి జారింది. నీళ్ల నీలం ఒక పట్టీ మీద, పచ్చిక ఆకుపచ్చ ఒకదాని మీద. మేడం వాటిని బొమ్మల కింద పెట్టి జరుపుతుంటే మామ బల్ల మీదికి వంగి చూశాడు. నాలుగూ కూర్చున్నాయి. అతికినా కోత గీత మాత్రం సన్నగా కనబడుతుంది. ఆమె దాని వెంట వేలు పోనిచ్చి చూసింది.

మిగిలింది పువ్వు మీద నిలబడినామె. ఫోనులో ఆ బొమ్మ పెట్టి వెతికితే ఒకసారి ఒక పేరు చెప్పింది, ఇంకోసారి వేరే పేరు, మూడోసారి పెళ్లి గౌన్లు కుట్టే అంగడి చూపించింది. "తెలియనిది నేను రాయను," అంది మేడం. ఆ బొమ్మ కింద పట్టీ ఉండాల్సినంత చోటు ఖాళీగా వదలమంది. మామ ఐదు ఫ్రేములూ విప్పి, కొత్త చెక్క పట్టీలు కోసి, మళ్లీ కట్టాడు. తన పేరు గురించి అడగలేదు. నేనూ అడగలేదు. ఐదు తెమ్మంటే నాలుగు తెచ్చాం.

గురువారం సాయంత్రం వ్యానులో హాలుకు పోయాం. చొక్కా కుట్టించాడు కదా అని వేసుకున్నాడు గానీ, ఇస్త్రీ కూడా చేయలేదు. లోపల చల్లగా, తెల్లగా ఉంది. జనం బాగానే వచ్చారు. కాలేజీ పిల్లలు, ముసలివాళ్లు, ఫిలిప్పీన్స్ నర్సులు. ఒక్కో బొమ్మ పక్కన ఒక కార్డు. మామ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను పోయి చదివి, వెనక్కి పరుగెత్తుకొచ్చాను.

"మామా! ఉండాది! ఐదింటి మీదా ఉండాది!"

నాలుగు కార్డుల మీద పైన పెద్దక్షరాల్లో నాట్యగత్తె పేరు, అడుగున సన్నగా 'బిర్వాజ్: ఓబులయ్య' అని అరబ్బీలో, ఇంగ్లీషులో. ఐదో కార్డు మీద పైన పేరుండాల్సిన చోట ఖాళీ. అడుగున మామ పేరు.

మేడం మా దగ్గరికొచ్చింది. మామ ఏదో అనబోతే ఆపింది. "ఐదూ అని చెప్పాను. చెప్పినట్టే వేశాను. ఆ ఖాళీ ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు మాత్రం నువ్వే చెప్పాలి."

మామ తలూపాడు. మెల్లగా ఐదో బొమ్మ దగ్గరికి నడిచాడు. చొక్కా మీద ముడతలు చేత్తో సాఫు చేసుకున్నాడు. "తియ్యిరా ఫోటో," అన్నాడు.

అప్పుడే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు అడ్డొచ్చారు. ఒకామె కార్డు చూసింది. ఆ కార్డు మీద ఉన్న పేరు ఒక్కటే. ముందున్న సన్నని 'బిర్వాజ్' మాట ఎవరు చదువుతారు?

"ఓబులయ్య," అంది ఆ అమ్మాయి, పువ్వు మీద నిలబడినామె వంక చూస్తూ. "ఎంత అందమైన పేరు!"

రెండో అమ్మాయి మునివేళ్ల మీద నిలబడి, చేతులు తల మీద గుండ్రంగా పెట్టి, బొమ్మ పక్కన ఫోటో దిగింది. ఒక ముసలాయన మేడంని అడిగాడు, ఈ ఓబులయ్య అనే ఆమె ఏ దేశపు నాట్యగత్తె అని. నేను గోడ పట్టుకుని నవ్వాను. జీవితంలో అంత నవ్వలేదు. "మామా, నీకు రెక్కలు కూడా పెట్టింటే బాగుండు! ప్రొద్దుటూరు ఓబులమ్మ! ఆ పాదం చూడు, ఆ చెప్పు సైజు చూడు!"

"నోరు ముయ్యిరా," అన్నాడు మామ. నవ్వలేదు. ఆ మొదటి అమ్మాయి సంచీలోంచి బొమ్మల పుస్తకం తీసి, ఆ నాట్యగత్తెను పెన్సిల్‌తో గీసుకుంటోంది. గీయడం అయ్యాక కింద పేరు రాయడం మొదలుపెట్టింది. ఓ, బు...

మామ ఆమె దగ్గరికి నడిచాడు. ఈ దేశమొచ్చిన ఇరవై ఏళ్లలో ఆయన కఫీల్‌తో తప్ప ఎవరితోనూ నాలుగు ముక్కలు అరబ్బీ మాట్లాడింది లేదు.

"లా, లా. కాదు. ఓబులయ్య, నేను," అన్నాడు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. "ఈమె కాదు."

అమ్మాయి పెన్సిల్ ఆపింది. "మరి ఈమె పేరేమిటి?"

అదుగో, అది మామ ఊహించలేదు. నా వంక చూశాడు. నేను సాయం పోదామనుకుని కూడా పోలేదు. ఆయన రెండు వేళ్లు కత్తిలా పెట్టి, బొమ్మ కింది ఖాళీ చోటు వెంట గాలిలో గీత గీశాడు. "నేను కోసేశాను," అన్నాడు. "తెలియదు. పోయింది."

 ఆ అమ్మాయి పుస్తకంలో రాసిన రెండక్షరాలు రబ్బరుతో చెరిపేసింది. పక్కనున్న స్నేహితురాలు "హరామ్" అంది మెల్లగా. ఇక్కడ 'పాపం' అనడానికీ అదే మాట. మామకా, నాట్యగత్తెకా, ఎవరికన్నదో నాకు తెలియలేదు.

అంతటితో అయిపోలేదు. ఆ ముసలాయన వచ్చాడు, ఫిలిప్పీన్స్ నర్సులు వచ్చారు, ఇంకెవరో వచ్చారు. ప్రతివాడూ కార్డు చదవడం, ఓబులయ్యా అని ఆమెను చూడడం, మామ ముందుకొచ్చి "లా, నేను" అనడం, "మరి ఈమె?" అని వాళ్లు అడగడం, మళ్లీ ఆ రెండు వేళ్ల కత్తి. చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. చొక్కా చంకల కింద తడిసిపోయింది. "వచ్చేయ్ మామా, ఎవురనుకుంటే ఏం పోయింది?" అన్నాను.

"వాళ్లు పేరు రాసుకోని పోతాండారు గదరా," అన్నాడు కోపంగా. "ఆయమ్మ మీద నా పేరు పోతాంది."

హాలు మూసేదాకా అక్కడే నిలబడ్డాడు. నేను ఫోటోలు తీస్తూనే ఉన్నాను. నా చెయ్యి కదలదు, అది అందరికీ తెలుసు. కానీ మామ కదులుతున్నాడు. ప్రతి ఫోటోలోనూ చేతులు చాచి, నోరు తెరిచి, ఎవరికో ఏదో చెబుతూ, సరిగ్గా కార్డుకు అడ్డంగా ఉన్నాడు.

వ్యానులో కూర్చున్నాక వాటిలో కాస్త బాగున్నది ఉదయకిరణ్‌కు పంపాను. వెంటనే ఫోనొచ్చింది.

"నాయనా, చూసినా. చొక్కా బాగుండాది. ఆ పువ్వు మీద ఉండే ఆయమ్మ ఎవురు?"

"తెల్దు రా."

"సరేలే. నీ పేరు యాడుండాది? నాకేం కనపళ్ల్యా."

మామ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. "నా ఎనకాల ఉండాది," అన్నాడు. "నేనే అడ్డం నిలబడినా."